తడి మట్టిలో మొక్క ఎందుకు ఎండింది?



వానాకాలంలో మన హాస్టల్ వెనుక నాటిన వేప, గానుగ మొక్కలు మీ అందరికీ గుర్తున్నాయి కదా. నాటిన తరువాత వాన ముఖం చాటేసింది. వారం తిరగకముందే చాలా మొక్కలు ఎండిపోయాయి. అప్పుడు మనమందరం ఏమన్నాము? "ఆరో తరగతి పోరగాండ్లు నీళ్లు పోస్తలేరు" అన్నాము. నీళ్లు పోసే డ్యూటీ వాళ్లదే కాబట్టి నింద కూడా వాళ్ల మీదనే పడింది. వాళ్లలో ఒక తమ్ముడు మాత్రం "అన్నా, దినాం రెండు పూటలు పోసినం. మట్టి తడిగనే ఉన్నది, సూడుండ్రి" అని ఏడుపు ముఖంతో చెప్పాడు. మేము వెళ్లి మట్టిలో వేలు పెట్టి చూశాము. నిజంగానే తడిగా ఉంది. మొక్క మాత్రం వాడిపోయింది.

కింద తడి, పైన ఎండు. ఇదెట్లా? సైన్స్ సారును అడిగితే ఆయన జవాబు చెప్పలేదు. "నన్నెందుకు అడుగుతరు, మొక్కనే అడుగుండ్రి" అన్నారు. మొక్కను అడగడమంటే ప్రయోగం చేయడమే. పదో తరగతి వాళ్లం ఐదుగురం కలిసి మూడు ప్రయోగాలు చేశాము. వాటి వివరాలు ఇక్కడ రాస్తున్నాము.

మొదటి ప్రయోగం: ఆకు నీళ్లు వదులుతుందా?

కావలసినవి: మూడు తెల్లటి పాలిథిన్ కవర్లు, దారం. గానుగ చెట్టుకు ఆకులున్న ఒక చిన్న కొమ్మను మొదటి కవరులో పెట్టి మూతి గట్టిగా కట్టాము. అంతే పొడవున్న మరో కొమ్మకు ఆకులన్నీ తీసేసి రెండో కవరు కట్టాము. మూడో కవరును వట్టిదే మూతి కట్టి పక్కన వేలాడదీశాము. పొద్దున 9 గంటలకు కట్టి 12 గంటలకు చూశాము.

మొదటి కవరు లోపల మంచు పట్టినట్లు మసకబారింది. ఊపితే చుక్కలు జారి మూలకు చేరాయి. రెండో కవరులో, మూడో కవరులో అట్లాంటి చుక్కలు కనబడలేదు. వట్టి కవరు ఎందుకు కట్టాలి అని కొందరు నవ్వారు. అది లేకపోతే "ఆ నీళ్లు గాలిలోని తేమ నుండి వచ్చినవే" అని ఎవరైనా అంటే మన దగ్గర జవాబు ఉండదు. ఇప్పుడు ఉంది. నీళ్లు ఆకు నుండే వచ్చాయి.

ఆకుల నుండి నీరు ఆవిరి రూపంలో బయటకు పోవడాన్ని బాష్పోత్సేకం అంటారని పాఠంలో చదువుకున్నాం. దీనిని మొదట జాగ్రత్తగా తూచి చూసినవాడు స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండు మతగురువు. కుండీలోని పొద్దుతిరుగుడు మొక్కను పొద్దున, సాయంత్రం త్రాసులో పెట్టి తూచాడు. మూడున్నర అడుగుల ఆ మొక్క ఒక్క పగటిలో సగటున అర కిలోకు పైగా నీరు వదులుతోందని లెక్క కట్టాడు. ఈ సంగతులన్నీ 1727లో పుస్తకంగా వేశాడు. వేర్లు పీల్చిన నీటిలో నూటికి 95 పాళ్లకు మించి ఇట్లా గాలిలోకే పోతుంది. మొక్క తన కోసం ఉంచుకునేది చాలా కొంచెం.

రెండో ప్రయోగం: నీరు ఏ దారిన పోతుంది?

ఒకే సైజు రావి ఆకులు నాలుగు కోసి, కాడలు తెగిన చోట వాసెలిన్ పూశాము. తరువాత ఒకటో ఆకుకు ఏమీ పూయలేదు. రెండో ఆకుకు పైవైపు, మూడో దానికి కిందివైపు, నాలుగో దానికి రెండు వైపులా వాసెలిన్ పూసి, నాలుగింటినీ దారానికి వేలాడదీశాము. అన్నిటికన్నా ముందు ఒకటో ఆకు, దాని వెనుకనే రెండో ఆకు ముడుచుకున్నాయి. మూడోది, నాలుగోది చాలాసేపు పచ్చగా ఉన్నాయి. అంటే రావి ఆకులో నీరు పోయే దారి ఎక్కువగా కిందివైపే ఉందన్నమాట.

ఆ దారులే పత్రరంధ్రాలు. ఒక్కో రంధ్రానికి ఇరుపక్కలా రెండు రక్షక కణాలుంటాయి. అవి నీటితో ఉబ్బితే రంధ్రం తెరుచుకుంటుంది, నీరు తగ్గి మెత్తబడితే మూసుకుంటుంది. ఇంత నీరు పోతుంటే మొక్క ఆ తలుపులు మూసుకొని కూర్చోవచ్చు కదా? కూర్చుంటే ఆకలితో చస్తుంది. కిరణజన్య సంయోగక్రియకు కావలసిన కార్బన్ డయాక్సైడ్ లోపలికి వచ్చేది ఆ తలుపుల్లోంచే. గాలి రావాలంటే తలుపు తీయాలి, తలుపు తీస్తే నీరు పోతుంది. పోయిన నీటికి బదులు వేర్లు కొత్త నీరు అందిస్తూనే ఉండాలి. మొక్క బతుకంతా ఈ లెక్క మీదనే నడుస్తుంది.

మూడో ప్రయోగం: తప్పు ఎవరిది?

ఇది రాయడానికి మాకు కొంచెం సిగ్గుగా ఉంది. కానీ నిజం రాయాలి. ఆనాడు మొక్కలు మోసుకొచ్చింది మేమే. బరువు తగ్గుతుందని కవర్లు చింపి, మట్టి దులిపి, కట్టలు కట్టి తెచ్చాము. నాటేదాకా ఎండలో పెట్టాము. దీనివల్ల ఏమైనా అయిందా అని చూడదలచి, మిగిలిన వేప మొక్కలలో ఒకే ఎత్తువి తొమ్మిది ఏరుకున్నాము. మూడింటిని మట్టిగడ్డ చెదరకుండా నాటాము. మూడింటిని మట్టి దులిపి నాటాము. ఇంకో మూడింటిని మట్టి దులిపి, సగానికి పైగా ఆకులు కత్తిరించి నాటాము. అన్నింటికీ ఒకే డబ్బాతో సమానంగా నీళ్లు పోశాము.

మట్టిగడ్డతో నాటినవి మూడూ నిలిచాయి. మట్టి దులిపినవి రెండో రోజుకే తల వాల్చాయి. తరువాత వాటిలో ఒక్కటే తేరుకుంది. దులిపి ఆకులు కత్తిరించిన వాటిలో రెండు బతికి కొత్త చిగురు వేశాయి. తొమ్మిది మొక్కలతో గట్టి తీర్పు చెప్పకూడదని మాకు తెలుసు. వచ్చే వానాకాలం ఎక్కువ మొక్కలతో మళ్లీ చేస్తాము.

అయితే దీనికి కారణం పుస్తకంలోనే ఉంది. నీటిని ఎక్కువగా పీల్చేవి లావు వేర్లు కావు, వేర్ల కొసల దగ్గర ఉండే సన్నని మూలకేశాలు. అవి మట్టి రేణువులను పట్టుకొని ఉంటాయి. మట్టి దులిపితే తెగిపోతాయి. పైన ఆకులు మాత్రం ఎప్పటిలాగే నీరు ఖర్చు పెడుతుంటాయి. రాబడి పోయింది, ఖర్చు తగ్గలేదు. అట్లాంటప్పుడు చుట్టూ ఎన్ని నీళ్లు పోసినా ఏం లాభం? ఆరో తరగతి తమ్ముళ్లారా, మీరు నీళ్లు పోశారు. తప్పు మాది. అందరూ చదివే ఈ గోడపత్రికలోనే మిమ్మల్ని క్షమాపణ అడుగుతున్నాము.

మన పెద్దలకు తెలియనిదా?

ఈ లెక్క మన దిక్కు రైతులకు చేతి మీద తెలుసు. మిరప నారును సాయంత్రం పూట నాటుతారు. ఎందుకంటే రాత్రి చల్లదనంలో నీటి ఖర్చు తక్కువ, పొద్దుటికి వేరు కొంచెం కుదురుకుంటుంది. అడవి శాఖ వారు టేకును స్టంపులుగా నాటడం కూడా ఇట్లాంటిదే. ఏడాది మొక్కను పీకి, ఆకులు, పక్క వేర్లు అన్నీ కోసేసి, జానెడు తల్లివేరు, రెండు మూడు వేళ్ల కాండం మాత్రమే ఉంచుతారు. చూస్తే కట్టెపుల్లలా ఉంటుంది. కానీ ఖర్చు పెట్టే ఆకు లేదు, లావు వేరులో దాచుకున్న ఆహారం ఉంది. వాన పడగానే చిగురిస్తుంది.

మన ఆదిలాబాద్ అడవిలో టేకు చెట్టయితే ఎవరూ కత్తిరించకుండానే, ఎండలు ముదరకముందే తన పెద్ద పెద్ద ఆకులు తానే రాల్చుకుంటుంది. మనం "అడవి ఎండింది" అంటాం. అది ఎండడం కాదు, పొదుపు. మోదుగ ఆకులు రాల్చి కూడా హోళీ నాటికి ఎర్రగా పూస్తుంది. ముందు దాచుకున్నది ఉంది కాబట్టే పూయగలిగింది.

ఇకమీదట మనం పాటించవలసినవి:

1. మొక్కను కవరుతోనే మోయాలి. గుంత దగ్గరకు వచ్చాకనే బ్లేడుతో కవరు కోయాలి. మట్టిగడ్డ చెదరనీయకూడదు.
2. సాయంత్రం గానీ, మబ్బు పట్టినప్పుడు గానీ నాటాలి.
3. పొరపాటున మట్టి రాలితే కొన్ని ఆకులు కత్తిరించాలి. అన్నీ కత్తిరించకూడదు, ఆహారం తయారు చేసేది ఆకే.
4. మొదటి వారం కంపతోనో ఆకుల కొమ్మలతోనో నీడ కట్టాలి.

మీరూ చేసి చూడండి: మొదటి ప్రయోగంలోని కవరును రాత్రి కడితే ఎన్ని చుక్కలు వస్తాయి? నీడలో కడితే? ఆకు కిందివైపు గోళ్ల రంగు పూసి, ఆరాక సెల్లోటేపుతో ఊడదీసి సూక్ష్మదర్శినిలో చూస్తే పత్రరంధ్రాల అచ్చు కనబడుతుంది. 1993 నుండి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌కు పిల్లలు పంపే ప్రాజెక్టులు ఇట్లాంటి చుట్టుపక్కల ప్రశ్నల నుండే పుడతాయి. ఖరీదైన సామాను అక్కరలేదు. కవరు, దారం, నోటుబుక్కు చాలు. అనుకున్నట్లు రాని ఫలితాన్ని కూడా కొట్టివేయకుండా రాయండి.

చివరగా ఒక్క మాట. మొక్క ఎండినప్పుడు ఎవరినో ఒకరిని అనేముందు ఒకసారి వేరు తవ్వి చూద్దాం.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థులు ఐదుగురు