కండరములు – కాల్షియము – మత్తుమందు

కొల్లేటిలో తాటిదోనె నడపు జాలరి గెడను నొక్కునప్పుడు వాని చేతి కండరము బిగియును; పిదప సడలును. బిగియుటకే బలము కావలయుననియు, సడలుట దానంతట జరుగుననియు మనము తలంతుము. అది సరికాదు. ప్రాణము పోయిన చేప కొంతసేపటికి కొయ్యవలె బిగిసిపోవుట ఏలూరి బజారునందు చూచుచునే యున్నాము. దీనికి కారణమేమి?

ప్రతి కండరతంతువునందును కాల్షియము నిలువయుండు సన్నని సంచులు కలవు. నరమునుండి ఆజ్ఞ రాగానే వాని ద్వారములు తెఱచుకొని కాల్షియము వెలికి వచ్చును, కండరము బిగియును. దానిని మరల లోనికి తోడిననే కండరము సడలును. లాకు లెత్తిన నీరు తనంతట పాఱును. పల్లపు నీటిని మెరకకు తోడుటకు శ్రమ తప్పదు గదా! ఈ తోడుటకు ఏ.టి.పి. యను పదార్థము వ్యయమగును. బిగిసిన తంతువులు విడివడుటకును అదియే కావలయును. చచ్చిన చేపలో నది తఱిగిపోవుటచేతనే కండరము సడలజాలదు.

ఏ.టి.పి.ని కనుగొన్నవారిలో నొకరు మన ప్రాంతమువారే. తాడేపల్లిగూడెమునకు దక్షిణమున నున్న భీమవరమున 1895 లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్కే పండితునితో కూడి 1929 లో దీనిని వెల్లడించిరి. ఆ సంవత్సరముననే జర్మనీలో లోమన్ పండితుడును దీనిని కనుగొనెను.

ఇక మత్తుమందు సంగతి. 1960 లో మెల్బోర్ను వైద్యులగు డెన్‌బరో, లోవెల్ అనువారు కాలు విఱిగిన యొక యువకుని వృత్తాంతమును ప్రకటించిరి. అతడు విఱిగిన కాలికంటె మత్తుమందునకే యెక్కువ భయపడెను. ఏలయన అతని బంధువులు పదిమంది మత్తుమందు పుచ్చుకొని మరణించియుండిరి. హాలోథేను ఇచ్చినపిమ్మట అతడు అపాయస్థితికి వచ్చి, వైద్యుల ప్రయత్నముచే బ్రదికెను.

తరువాతి పరిశోధకులు కారణము తెలిసికొనిరి. ఇట్టివారి కండరములలోని సంచుల ద్వారములకు పుట్టుకతోనే లోపము కలదు. కొన్ని మత్తుమందులు తగిలినంతనే అవి సరిగా మూతపడవు. తోడినకొలది కాల్షియము కారుచుండును, ఏ.టి.పి. వ్యర్థముగా ఖర్చగును, దేహము మిక్కిలి వేడెక్కి ప్రాణాపాయము కలుగును. 1975 లో దక్షిణాఫ్రికాలో హారిసన్ అను మత్తువైద్యుడు పందులయందు పరీక్షించి, డాంట్రోలీన్ అను మందు దీనిని అణపగలదని చూపెను. నేడు వైద్యులు ఈ యాపదకు వాడునది ఆ మందే.

ఈ లోపము తలిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించును. కావున విద్యార్థులారా, మీ కుటుంబమున మత్తుమందువలన నెవరికైనను హాని కలిగెనేమో పెద్దల నడిగి తెలిసికొనుడు. శస్త్రచికిత్సకు ముందు వైద్యునకు తప్పక చెప్పుడు. ఆ యువకుడు తన బంధువుల మరణములను దాచక చెప్పుటవలననే యెందఱికో ప్రాణరక్షణమైన యీ విద్య బయలువెడలెను.