వందేళ్ళ క్రితం డబ్లిన్ బాలింతలు

పిల్లలూ! మీలో చాలామంది డబ్లిన్‌లోనే పుట్టారు కదా. కొందరు రొటుండాలో, కొందరు కూంబ్‌లో, మరికొందరు హోలిస్ స్ట్రీట్‌లో. (ఆ రోజు కారు పార్కింగ్ దొరక్క నాన్నగారు పడ్డ అవస్థ ఆయన్నే అడగండి!) ఈ మూడూ వందేళ్ళ క్రితం కూడా ఉన్న కాన్పుల ఆసుపత్రులే. రొటుండా 1745లో మొదలైంది. అయినా ఆ రోజుల్లో ఐర్లండులో ప్రతి 1000 కాన్పులకు ఇంచుమించు 5 మంది తల్లులు చనిపోయేవారు. ఇప్పుడు లక్ష కాన్పులకు లెక్క చూసినా పదిమందిలోపే. కాన్పు ఆడవాళ్ళకు పునర్జన్మ అని మన అమ్మమ్మలు ఊరికే అనలేదు.

రొటుండా నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో హెన్రియెట్టా వీధి ఉంది. ఒకప్పటి ప్రభువుల మేడలు తరువాత గదికొక కుటుంబం ఉండే అద్దె ఇళ్ళయ్యాయి. 1911 జనాభా లెక్కల నాడు 14వ నంబరు ఇంట్లో 100 మంది ఉన్నారు! ఇలాంటి గదుల్లోనే కాన్పులు జరిగేవి. రొటుండా నుంచి మంత్రసానులు, వైద్య విద్యార్థులు ఇళ్ళకు వచ్చేవారు. లేదంటే వీధిలోని అనుభవమున్న పెద్దావిడ వచ్చేది. ఆవిడను హ్యాండీవుమన్ అనేవారు. పురుడు పోసేదీ ఆవిడే, చనిపోయినవారికి స్నానం చేయించేదీ ఆవిడే.

రక్తస్రావం, గుర్రపువాతం కూడా ప్రాణాలు తీసేవి. కానీ అందరూ ఎక్కువగా భయపడింది సూతికా జ్వరానికి, అంటే పురుడు వచ్చిన కొద్దిరోజులకే బాలింతకు సోకే జ్వరానికి. శుభ్రంగా లేని చేతులతో సూక్ష్మక్రిములు లోపలికి చేరడం వల్ల అది వచ్చేది.

పాపం, ఆ పెద్దావిడ ఒక్కదాన్నే తప్పు పట్టడం న్యాయం కాదు. పేదరికం పసిపిల్లలను ఎక్కువగా బలితీసుకుంది, నిజమే. తల్లుల సంగతి వేరు. ఒక రోగిని చూసి నేరుగా వచ్చిన డాక్టరుగారి చేతులు కలవారి ఇంటికీ ఆ జ్వరాన్ని మోసుకెళ్ళేవి. విచిత్రమేమిటంటే, 1829లోనే రొటుండా మాస్టర్ (అక్కడ ముఖ్య వైద్యుణ్ణి ఇప్పటికీ అలాగే పిలుస్తారు) రాబర్ట్ కాలిన్స్ వార్డులను క్లోరిన్‌తో శుద్ధి చేయించాడు. 1833లో తాను దిగిపోయేదాకా ఆ జ్వరంతో ఒక్క బాలింత కూడా పోలేదని రాసుకున్నాడు. తెలిసిన సంగతి ప్రతి గదికీ, ప్రతి చేతికీ చేరడానికి మాత్రం వందేళ్ళు పట్టింది!

1918లో వచ్చిన చట్టంతో ఐర్లండులో మంత్రసానులకు శిక్షణ, రిజిస్ట్రేషన్ ఏర్పడ్డాయి. 1930ల చివర్లో సల్ఫా మందులు, 1940లలో పెన్సిలిన్ వచ్చాక ఆ జ్వరం లొంగింది.

హెన్రియెట్టా వీధిలోని ఆ 14వ నంబరు ఇల్లు 2018 నుంచి మ్యూజియం. సెలవుల్లో అమ్మానాన్నలతో వెళ్ళి రండి.

ఇంటి పని: ఈ ఆదివారం అమ్మమ్మకో, నాయనమ్మకో ఫోన్ చేసి అడగండి. ఆవిడ ఇంట్లో పుట్టారా, ఆసుపత్రిలోనా? పురుడు పోసిందెవరు? ఆవిడ చెప్పింది ఐదు వాక్యాల్లో, తెలుగులోనే రాసుకురండి.