వర్షము కొరకు ప్రార్థించిన తత్త్వవేత్త

చదువవలసిన భాగములు: యోబు 38వ అధ్యాయము, అపొస్తలుల కార్యములు 17:22-31, యాకోబు 5:17-18

బస్తరు ప్రాంతమున జగదల్‌పూరునకు సమీపముగా నగర్‌నార్ అను గ్రామము కలదు. అచ్చటి ఉక్కు కర్మాగారము 2023వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన జాతికి అంకితము చేయబడెను. అందలి బ్లాస్ట్ ఫర్నేసులో కరుగునది బైలదిల్లా కొండల ఇనుప ఖనిజము. ఆ కొండల ఖనిజమే రైలుమీద విశాఖపట్నము చేరి అచ్చటను ఉక్కుగా మారుచున్నది. కార్మికులు వేరు, భాష వేరు. ఇనుము మాత్రము రెండుచోట్లను ఒకే నియమమునకు లోబడును. ఇనుము ఎల్లప్పుడును ఇనుమువలెనే ఏల ప్రవర్తించును?

ఎనిమిది శతాబ్దములకు పూర్వము చైనా దేశమున జూ షీ (1130-1200) అను పండితుడు ఇట్టి ప్రశ్నకే తన జీవితమును ధారపోసెను. కన్ఫ్యూషియసు బోధను బౌద్ధ, తావో మతములకు ఎదురుగా నూతనముగా నిర్మించిన వారిలో ఆయన అగ్రగణ్యుడు. ఆయన వ్యాఖ్యానములు 1313 మొదలుకొని 1905 వరకు ఆ దేశపు ప్రభుత్వోద్యోగ పరీక్షలకు ఆధారమై యుండెను. ప్రతి వస్తువునందును రెండు కలవని ఆయన బోధించెను: అది దేనితో చేయబడెనో ఆ ద్రవ్యశక్తి యొకటి, అది అట్లే యుండుటకు హేతువైన 'లీ' మరియొకటి. పడవ నీటిమీదనే నడచును, బండి నేలమీదనే నడచును. అది వాటి లీ. ఈ పదమును తెనిగించుట సులభము కాదు. 'ధర్మము' అన్నచో ఆచారమని తోచును, 'తత్త్వము' అన్నచో మరీ పలుచనగును. వేదములలోని 'ఋతము' కొంత సమీపమున నున్నది. అనేక నదులలో కనబడు చంద్రుడు ఒక్కడే యైనట్లు సకల వస్తువులయందలి లీ ఒక్కటే యని ఆయన చెప్పెను. కుండలలోని సూర్యబింబముల దృష్టాంతమెరిగిన తెలుగు పాఠకునికి ఈ మాట క్రొత్త కాదు.

అయితే ఈ లీ దేవుడా? 1603లో మత్తెయొ రిచ్చి అను ఇటలీ మిషనరీ చైనా భాషలో వ్రాసిన గ్రంథమున, కాదని వాదించెను. నియమము తనంతట తాను నిలువజాలదు, అది వేరొక దానిని ఆశ్రయించియే యుండవలెనని ఆయన తర్కము. జర్మనీ తత్త్వవేత్త లైబ్నిట్జ్ 1716లో, తన మరణమునకు ముందు, ఇందుకు భిన్నముగా వ్రాసెను: చైనీయులు లీ అని పిలుచునది మనము దేవుడని ఆరాధించు వానికి అతి సమీపమున నున్నదని. ఇద్దరును క్రైస్తవులే, ఇద్దరును మేధావులే. అయినను జూ షీ స్వయముగా చెప్పిన దానిని బట్టి చూడగా రిచ్చి పక్షమే బలమైనది. లీకి సంకల్పము లేదు, ఆలోచన లేదు, అది దేనిని నిర్మింపదు అని ఆయన తన శిష్యులకు స్పష్టముగా బోధించెను.

లీని అన్వేషించిన మార్గమును గూర్చి ఒక మాట. జూ షీ బోధను అక్షరాల అనుసరింపబూని, వాంగ్ యాంగ్‌మింగ్ (1472-1529) యౌవనమున వెదురు చెట్ల యెదుట కూర్చుండి వాటి లీని గ్రహింప ప్రయత్నించెను. ఏడవ దినమున జబ్బుపడెను. బస్తరు అడవులలో వెదురు నరికి బుట్టలల్లువారు విన్నచో నవ్వుకొందురేమో! లీ వెదురులో లేదు, మనస్సులోనే యున్నదని ఆయన తరువాత తీర్మానించెను. వెదకు చోటు మారెను గాని, పిలిచిన పలుకునది అచ్చటను లేకపోయెను.

ఇక జూ షీ జీవితములో ఒక ఘట్టము కలదు. 1179 మొదలు 1181 వరకు ఆయన నాన్‌కాంగ్ అను చోట జిల్లాధికారిగా నుండెను. తీవ్రమైన అనావృష్టి కలిగెను. ఆయన ధాన్యము సమకూర్చెను, పన్నుల తగ్గింపు కొరకు పై అధికారులకు విన్నవించెను. అంతేకాక వర్షము కొరకు ప్రార్థనలు వ్రాసి అర్పించెను. సంకల్పము లేనిదని తాను బోధించిన లీకి ఆ విన్నపములు చేయలేదు. ఆచారము చొప్పున దేవతలకు చేసెను. తర్కమునందు ఆయన కట్టిన గృహమున వినువాడు ఒకడును లేడు. ఎండిన పొలముల యెదుట నిలిచినప్పుడు మాత్రము వినువాడు కావలసివచ్చెను.

దీనిని చూచి తెలుగు క్రైస్తవుడు ఆయనను ఆక్షేపించుటకు తొందరపడరాదు. మన సంఘములలో ఇందుకు విపర్యయము జరుగుచున్నది. బిడ్డను పాతిపెట్టి వచ్చిన తల్లితో, "దేవుని చిత్తము అమ్మా, ఊరుకో" అందుము. పలుకునది తండ్రి పేరు, భావించునది తలరాత. మనము సంకల్పము గల దేవుని ఒప్పుకొని, ఆయనను సంకల్పము లేని నియమముగా మార్చితిమి. ఆ తల్లి ఇంక ఎవరికి మొరపెట్టవలెను? యోబు స్నేహితులు నియమమునే బోధించిరి. వారి తర్కములో లోపము కనుగొనుట కష్టము. సుడిగాలిలోనుండి వచ్చిన ప్రత్యుత్తరమో, యోబు బాధకు కారణమును తెలుపనేలేదు. సముద్రమునకు హద్దులు, మంచు నిధులు, నక్షత్రముల కట్లు, ఇవన్నియు జూ షీ ఎంతో ప్రేమించిన సృష్టిక్రమములోనివే. కాని యోబు 38లో వాటిని గూర్చి ఒకడు మాటలాడుచున్నాడు, మాటలాడి యోబు ప్రత్యుత్తరము కొరకు ఆగుచున్నాడు.

ఏథెన్సులోని తత్త్వవేత్తలకును సృష్టిక్రమము తెలిసియే యుండెను. స్తోయికులు దానిని పూజ్యమైనదిగా ఎంచిరి. అయినను పౌలు తన ప్రసంగమును వారి గ్రంథములతో ప్రారంభింపలేదు. ఆ పట్టణపు వీధులలో సంచరించుచు ఒక బలిపీఠమును చూచి, దానిమీది అక్షరములను చదివి, అచ్చటనుండి మాటలాడ నారంభించెను. నాన్‌కాంగ్‌లో అర్పింపబడిన ఆ వర్షప్రార్థనలును అట్టి బలిపీఠమే.