ఎక్స్ఛేంజ్ ఏడాది అమెరికా సీటుకు దొడ్డిదారి కాదు

పదో తరగతి కాగానే పిల్లను స్టూడెంట్ ఎక్స్ఛేంజ్‌లో అమెరికా పంపేస్తే ఆ తర్వాత అక్కడే డిగ్రీ, అక్కడే ఉద్యోగం, ఆపై గ్రీన్‌కార్డు. ఈమధ్య కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఈ లెక్కతోనే వస్తున్నారు. ఈ లెక్క మొదటి అంకె దగ్గరే తప్పింది. ఎక్స్ఛేంజ్ అంటే ఒక విద్యా సంవత్సరం పాటు ముక్కూమొహం తెలియని కుటుంబంలో వాళ్ల పిల్లల్లో ఒకరిగా ఉంటూ, ఆ ఊరి హైస్కూల్లో చదువుకుని తిరిగి రావడం. తిరిగి రావడం కూడా ఆ కార్యక్రమంలో భాగమే.

ప్రభుత్వ ఖర్చుతో వెళ్లేవారికైతే ఇది చట్టంలోనే ఉంది. కెనడీ-లూగర్ యూత్ ఎక్స్ఛేంజ్ అండ్ స్టడీ, వాడుకలో యెస్ అనే పథకాన్ని అమెరికా విదేశాంగ శాఖ 2002లో మొదలుపెట్టింది. మన దేశంలో ఏఎఫ్ఎస్ ఇండియా అనే సంస్థ ద్వారా ఎంపికలు జరుగుతూ వచ్చాయి. ఎంపికైతే విమాన టికెట్టు, ఆరోగ్య బీమా, నెలనెలా చేతిఖర్చు అన్నీ పథకానివే. దానికి బదులుగా విద్యార్థి తిరిగొచ్చాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప, ఆ రెండేళ్లు పూర్తికాకుండా హెచ్-1బి వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ ఇవ్వరు. పిల్లలు వచ్చి ఇక్కడే ఇంటర్ చదివితే ఆ షరతు దానంతటదే తీరిపోతుంది. అటునుంచి అటే అక్కడి కాలేజీలో చేర్పించాలని చూసేవాళ్లకే అది కొన్నేళ్ల తర్వాత ఎదురొస్తుంది.

అమెరికా కార్యక్రమాలకు అర్హతలు మామూలువే: వయసు 15 నుంచి పద్దెనిమిదిన్నర మధ్య ఉండాలి, పదకొండేళ్లకు మించి చదివి ఉండకూడదు, క్లాసులో పాఠం అర్థమయ్యేంత ఇంగ్లిష్ రావాలి.

నేను ఎక్కువగా మాట్లాడాలనుకున్నది అర్హతల గురించి కాదు, ఆ ఇంట్లో గడిచే పది నెలల గురించి. వరంగల్ జిల్లా నుంచి వెళ్లిన ఒక అమ్మాయి న్యూయార్కో కాలిఫోర్నియానో అనుకుంటే, విస్కాన్సిన్‌లో పాడి రైతులుండే చిన్న ఊరు వచ్చింది. ఊరు మనం ఎంచుకునేది కాదు. మన బిడ్డ వివరాలు చదివి ఏ కుటుంబం రమ్మంటే ఆ ఊరికే వెళ్లాలి. డాలస్‌లో పిన్ని ఉంది, అక్కడే పెట్టండి అని అడిగేవాళ్లున్నారు. బంధువుల ఇంట్లో ఉంచకూడదని నిబంధనే ఉంది.

ఆ ఇంట్లో సాయంత్రం ఆరు గంటలకల్లా రాత్రి భోజనం అయిపోయేది. మొదటి వారం ఆ అమ్మాయి చాలా రాత్రులు అర్ధాకలితో పడుకుంది. మారు వడ్డించుకుంటావా అని అడిగితే మన అలవాటు ప్రకారం వద్దండీ అంది. వాళ్లు వద్దంటే వద్దనే అనుకుని గిన్నె తీసేశారు. మనింట్లో అయితే అమ్మమ్మ వద్దన్నా వినకుండా ఇంకో గరిటె వేస్తుంది. అక్కడ ఆకలేస్తే ఆకలేస్తోందని నోరు తెరిచి చెప్పాలి. బట్టలు తనే ఉతుక్కోవాలి, వంతు వచ్చిన రోజు గిన్నెలు సర్దాలి, బయటికి వెళ్తే ఎన్నింటికి వస్తుందో చెప్పి వెళ్లాలి. మాంసం తినని పిల్ల కావడంతో మొదటి నెలంతా చీజు, బ్రెడ్డు, ఉడికించిన బీన్స్. తర్వాత వారానికోసారి తనే ఇంటిల్లిపాదికీ పప్పు, అన్నం వండటం మొదలుపెట్టింది. అమెరికాలో చాలా హైస్కూళ్లు నవంబరులో ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ వీక్ జరుపుతాయి. ఆ వారంలో బతుకమ్మను చూపించాలనుకుంది. మంచు కురిసే ఆ ఊళ్లో తంగేడు, గునుగు ఎక్కడ దొరుకుతాయి? కాగితం పూలతోనే పేర్చి, తోటి పిల్లలకు ఆట నేర్పింది.

ఇంత బాగా సాగుతున్న ఏడాదిని దాదాపు చెడగొట్టింది వాళ్ల నాన్నగారే. రోజుకు రెండుసార్లు వీడియో కాల్. ప్రతి కాల్‌లోనూ శాట్ పుస్తకం ఎంతవరకు వచ్చింది, ఫిజిక్స్ మర్చిపోతున్నావా, నీ తోటివాళ్లు అప్పుడే ఇంటర్ సిలబస్‌లో సగం దాటేశారు. ఫోన్ పెట్టగానే గదిలోకి వెళ్లి ఏడ్చేది. చివరికి నిర్వాహక సంస్థ తరఫున ఆ ప్రాంతపు కోఆర్డినేటర్ మాట్లాడి, ఆదివారాలు మాత్రమే ఫోన్ అని ఒప్పించాక పిల్ల ఊపిరి తీసుకుంది. పదహారేళ్ల బిడ్డ పరాయి ఇంట్లో, పరాయి భాషలో నిలదొక్కుకోవడమే పెద్ద పరీక్ష. దాని మీద ఇంకో పరీక్ష రుద్దడం నాకు క్రూరంగా అనిపిస్తుంది. అమ్మానాన్నల ఆరాటానికి పిల్లలు కాపలా కాయాల్సిన పని లేదు.

కొందరు పిల్లలకు కుటుంబం కుదరదు. అలాంటప్పుడు ఇల్లు మారుస్తారు. అది అవమానమేమీ కాదు, ఫెయిలవడం అంతకన్నా కాదు. మన దగ్గర మాత్రం, ఏమనుకుంటారో సర్దుకుపోమ్మా అని ఫోన్‌లోనే నోరు నొక్కేస్తారు. ఏ విషయంలోనైనా సర్దుకోమని చెప్పండి గానీ, ఇంట్లో భయంగా ఉందన్న విషయంలో చెప్పకండి. ఆ ఇంట్లోని పెద్దల నేరచరిత్ర తనిఖీ చేయడం, నెలనెలా విద్యార్థితో మాట్లాడటం నిర్వాహక సంస్థల బాధ్యత. ఇల్లు మార్చమని అడిగే హక్కు తమకుందని వెళ్లేముందే పిల్లలకు తెలియాలి.

ఇక డబ్బు పోయే చోట్ల గురించి. నాసా చూపించే పది రోజుల యాత్రకు ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్ అని పేరుపెట్టి లక్షలు వసూలు చేసే స్కూళ్లున్నాయి. అది విహారయాత్ర. స్తోమత ఉంటే పంపండి, అంతకుమించి ఆశించకండి. ఇంకా ఖరీదైన మోసం ఏమిటంటే, ప్రైవేటు స్కూలు ఫీజు, హోమ్‌స్టే అద్దె కలిపి ఎఫ్-1 వీసా మీద పంపుతూ దాన్ని ఎక్స్ఛేంజ్ అనడం. పోల్చుకోవడం సులువే. అసలైన కార్యక్రమానికి జె-1 వీసా, దానికి ఆధారంగా డీఎస్-2019 పత్రం ఉంటాయి. ఆతిథ్యమిచ్చే కుటుంబానికి నయాపైసా ముట్టదు. హైస్కూలు డిప్లొమా ఖాయమని ఎవరైనా హామీ ఇస్తే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

యెస్ ఎంపికకు కోచింగ్ ఇస్తామనే కేంద్రాలకు డబ్బు తగలేయకండి. ఎంపిక చేసేవాళ్లు చూసేది బట్టీ పట్టిన జవాబులను కాదు. నలుగురిలో కూర్చోబెట్టి, తెలియని దాన్ని తెలియదని చెప్పగలదా, పక్కవాడి మాట వింటుందా అని గమనిస్తారు. డబ్బిచ్చి రాయించిన వ్యాసంలో పిల్ల గొంతు ఉండదు. రెండు ప్రశ్నలు అడిగితే ఆ సంగతి బయటపడుతుంది.

ఏడాది వృథా అవుతుందని భయపడేవాళ్లకు నేను చెప్పేది వేరు. పది పూర్తయ్యాక వెళ్లి, వచ్చే జూన్‌లో ఇంటర్ మొదటి ఏడాదిలో చేరితే పోయేది ఒక్క సంవత్సరం. జేఈఈ, నీట్ కోసం లాంగ్‌టర్మ్ పేరుతో రెండేసి ఏళ్లు హాస్టల్ గదుల్లో పెట్టడానికి వెనకాడని ఇళ్లలో ఈ ఒక్క ఏడాది మీదే ఇంత బెంగ ఎందుకు?

అయితే ఒక చిక్కు నిజంగా ఉంది. స్థానికత వరుసగా నాలుగేళ్ల చదువు మీద తేలుతుంది. తెలంగాణలో మెడికల్ సీట్లకు 9 నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా రాష్ట్రంలోనే చదవాలన్న నిబంధన 2024లో వచ్చింది, 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మధ్యలో విదేశంలో గడిపిన ఏడాదిని అధికారులు ఎలా లెక్కిస్తారో, ముఖ్యంగా ఎంబీబీఎస్ ఆలోచన ఉన్నవాళ్లు, ప్రయాణానికి ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ విద్యార్థులూ అంతే.

నన్నడిగితే అమెరికాకన్నా ముందు రోటరీ యూత్ ఎక్స్ఛేంజ్‌ను చూడమంటాను. తల్లిదండ్రులు రోటరీ సభ్యులు కానక్కర్లేదు. టికెట్టు, వీసా, బీమా మనం పెట్టుకోవాలి. తిండి, వసతి ఆతిథ్య కుటుంబాలు చూసుకుంటాయి, సాధారణంగా ఏడాదిలో ఒకటికి మించి ఇళ్లు మారతారు. బ్రెజిల్, జర్మనీ, తైవాన్ వంటి దేశాలకు వెళ్లిన పిల్ల ఇంకో భాష పట్టుకొస్తుంది. అక్కడినుంచి వచ్చే విద్యార్థికి మీ ఇంట్లో కొన్ని నెలలు చోటివ్వమని అడగొచ్చు, ఒప్పుకోండి. మద్యం, డ్రగ్స్, డ్రైవింగ్, డేటింగ్ నాలుగూ నిషిద్ధం. మీరితే తిరుగు టపాలో ఇంటికి పంపిస్తారు.

తిరిగొచ్చిన పిల్లలకు అభిప్రాయాలుంటాయి. ఎంపీసీ వద్దు, హెచ్ఈసీ చదువుతాను అనొచ్చు. గది తలుపు కొట్టి రమ్మని అడగొచ్చు. దీన్ని పొగరనుకునే ఇంటికి ఈ కార్యక్రమం పనికిరాదు, పంపకండి. సిద్ధంగా ఉన్నవాళ్లు మాత్రం పిల్లలు తొమ్మిదిలో ఉండగానే కదలండి, ఎందుకంటే ప్రయాణానికి దాదాపు ఏడాది ముందే ఎంపికలు మొదలవుతాయి. యెస్‌కు ఈ ఏడాది ప్రకటన వచ్చిందో లేదో ఏజెంట్‌ను కాకుండా ఏఎఫ్ఎస్ ఇండియా కార్యాలయాన్నే అడగండి. దరఖాస్తు పిల్ల చేతే నింపించండి.