తూటా మెడ బిగువు, రంగూన్ వానాకాలం

యాంగోన్‌లో మే నుంచి అక్టోబరు దాకా గాలి తడిగుడ్డలా ఉంటుంది. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. మనవాళ్ళు కాకినాడ, కోరంగి రేవుల్లో ఓడెక్కి అక్కడికి వెళ్ళిన రోజులవి. ఆ కాలపు బ్రిటిష్ ఇండియా సైన్యానికి వానాకాలంలో ఒక వింత చిక్కు వచ్చేది. ఎవరూ పేల్చకుండానే, పెట్టెల్లో ఉన్న తూటాల ఇత్తడి మెడలు చీలిపోయేవి. దీనికి సీజన్ క్రాకింగ్ అని పేరు.

అసలు కారణాన్ని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు వివరించారు. దోషం ఒక్క తేమది కాదు. గుర్రపుశాలల దగ్గర గాలిలో ఉండే అమ్మోనియా, తేమతో కలిసి, లోపల లాగుడుతో బిగిసి ఉన్న ఇత్తడిని చీలుస్తుంది. లాగుడు లేని ఇత్తడి అదే గాలిలో ఉన్నా చీలదు.

ఆ లాగుడు మెడలోకి ఎలా వస్తుంది? అమెరికాలో తూటాలు తిరిగి నింపుకునే సరదా ఉన్న మిత్రులకు ఇది తెలిసిన లెక్కే. గుండు వ్యాసం 0.308 అంగుళాలు అనుకోండి. మెడ లోపలి వ్యాసాన్ని 0.306కి నొక్కి, అందులోకి గుండు దూరుస్తాం. మెడ సాగి, స్ప్రింగులా గుండును పట్టుకుంటుంది. ఇదే మెడ బిగువు.

చాలామంది పొరబడేది ఇక్కడే. తేడా రెండింతలైతే పట్టు కూడా రెండింతలవుతుందనుకుంటారు. పై లెక్కలో మెడ వెయ్యికి ఆరున్నర వంతులు సాగాలి. గట్టిపడిన ఇత్తడి కూడా సుమారు నాలుగు వంతుల దాకానే స్ప్రింగులా పనిచేస్తుంది. ఆపైన శాశ్వతంగా సాగిపోతుంది. కనుక పట్టును తేల్చేది మైక్రోమీటరు చూపే అంకె కన్నా ఎక్కువగా లోహపు గట్టిదనం.

ఆ గట్టిదనం పేల్చిన ప్రతిసారీ, నొక్కిన ప్రతిసారీ పెరుగుతుంది. ఒకసారి పేలిన డొల్లనూ, ఆరుసార్లు పేలిన డొల్లనూ ఒకే పెట్టెలో కలిపితే కొలత ఒకటే అయినా పట్టు వేరు, గుండు వేగమూ వేరు. మన కంచరివారికి ఇది పుస్తకం లేకుండానే తెలుసు: బిందెను కొన్ని దెబ్బలు కొట్టి, మళ్ళీ కాచి మెత్తబరుస్తారు, లేకపోతే పగులుతుంది. డొల్లకూ అంతే, కానీ ఖాళీ డొల్లను మాత్రమే, అదీ మెడ వరకే కాచాలి. అడుగు మెత్తబడితే పేలినప్పుడు అక్కడ తెగి, వేడి వాయువు కాల్చేవాడి ముఖం మీదికి రావచ్చు.

అమ్మోనియా ఉన్న ఇత్తడి పాలిష్‌లు డొల్లలకు వాడకండి. 1921 నాటి ఆ రసాయనమే ఆ సీసాలోనూ ఉంది.