కూటికొరకైన విశ్వాసమా?

దైవవిశ్వాసమును లోకము పలువిధముల నిందించుచుండును. అది అజ్ఞానుల భయమనువారు కొందరు. నీతిగా బ్రతుకుటకు దేవుని యవసరము లేదనువారు మరికొందరు. వీటికంటె కఠినమైన నింద మన తెలుగుదేశమున తరతరములుగా వినవచ్చుచున్నది: బీదవాడు మతము పుచ్చుకొనుట ఆత్మకొరకు గాదు, కూటికొరకే యని. మన విద్యార్థులలో ననేకులు ఈ మాటను వీథిలో విని, ప్రత్యుత్తర మెరుగక తలవంచుకొని యింటికి వచ్చుచుందురు. కావున ఈ నిందను కోపము లేకుండ విచారింతము.

ఈ విచారణకు ఒంగోలు చరిత్రము మంచి యాధారము. అమెరికా బాప్తిస్టు మిషనరీయగు జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1866వ సంవత్సరమున ఒంగోలులో కాపురముండ వచ్చిరి. ఆ ప్రాంతమున మొదట విశ్వసించినవారిలో తాళ్లకొండపాడు నివాసియగు యెర్రగుంట్ల పేరయ్య ముఖ్యుడు. ఆయన మాదిగ కులస్థుడు. తోళ్ల వర్తకమునకై దూరప్రాంతములు తిరుగుచు సువార్త విని, ఇంటికి వచ్చి తనవారికి బోధించెను. అప్పటికి గొప్ప కరవు రాలేదు. ఎవరును గంజి పోయలేదు. అయినను 1876వ సంవత్సరపు కరవునకు ముందే వేయిమందికి పైగా సంఘములో చేరియుండిరి.

చేరినవారు మూడు నియమముల నవలంబించిరి. చచ్చిన పశువుల మాంసము తినరాదు. ఆదివారమున పని చేయరాదు. విగ్రహములను పూజింపరాదు; కావున గ్రామదేవతల కొలువులలో డప్పు వాయించుటయు మానిరి. ఈ మూడింటిని జాగ్రత్తగా చూడుడు. మొదటిది కుండలోని మాంసమును తీసివేసినది. రెండవది ఒకనాటి కూలిని తీసివేసినది. మూడవది గ్రామమువారు పెట్టు గింజలను తీసివేసినది. ఇంతటితో పోలేదు. పలుగ్రామముల పెద్దలు కోపించి వారికి నీళ్లును పనులును లేకుండ చేసిరి. కూటికొరకే మతము పుచ్చుకొనినవాడు కూటిని పోగొట్టుకొను నియమమును ఏల పట్టుకొనును?

పిమ్మట 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమున ఘోరమైన క్షామము వచ్చెను. కరవు పనులలో భాగముగా ప్రభుత్వము బకింగుహాము కాలువను త్రవ్వించుచుండెను. క్లౌ దొరగారు దానిలో సుమారు మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని, తమ బోధకులనే మేస్త్రీలుగా నియమించి, వేలకొలది జనులకు కూలి యిప్పించిరి. అచ్చట సువార్త వినినవారిలో అనేకులు బాప్తిస్మము కోరిరి. ఆయన ఇయ్యలేదు. కూలి యిచ్చుచేతితోనే బాప్తిస్మము కూడ ఇచ్చినయెడల ఎవని మనస్సు ఎట్టిదో తెలియరాదని సుమారు పదునైదు మాసములు నిలిపివేసిరి.

కరవు పనులు ముగిసినవి. ఇచ్చుటకు కూలియు ధాన్యమును లేవు. అప్పుడును జనులు మానలేదు. 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి యొద్ద, తెలుగు బోధకులు ఆరుగురు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనుచు ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి.

వీరందరి హృదయములు సమానముగా నిర్మలములని మేము వాదింపము. ఆపదలో అన్నము పెట్టినవానియందలి కృతజ్ఞతయు కొందరి విశ్వాసములో కలిసియుండవచ్చును. కృతజ్ఞత సిగ్గుపడదగినది కాదు. అయితే పై నిందలో దాగియున్న భావము నొకదానిని గుర్తింపవలెను. ధనవంతుడు మతము మార్చుకొనిన విచారించి మార్చెనందురు. బీదవాడు మార్చుకొనిన ఆకలిచే మార్చెనందురు. అనగా, బీదవానికి కడుపే గాని మనస్సాక్షి లేదని వారి తలంపు. ఇది మతమునకు గాక మనుష్యునికి చేయు అవమానము.

ఇట్టి దోషము మనలోను లేకపోలేదు. పొరుగువాని ఉపవాసమును, వ్రతమును, నమాజును చూచి నవ్వువాడు, తాను పొందిన అవమానమునే ఇతరునకు అప్పగించుచున్నాడు. దేవుని నమ్మకయే సత్యము పలుకువారును, పరులకు మేలు చేయువారును లోకమున గలరు. వారి మంచితనమును తక్కువ చేయుట విశ్వాసమునకు శోభ గాదు.

మరి విశ్వాసమువలన ప్రయోజనమేమి? అది మనచేత దేనిని విడిపించెనో దానినిబట్టి తెలియును. నాటి మాదిగపల్లెలలోని నిరుపేదలు కూటిని విడిచిరి, కూలిని విడిచిరి. వారి సంతతివారమును, వారి కష్టఫలము ననుభవించువారమును అగు మనము పరీక్షలో పొరుగువాని కాగితమును చూచుటనైనను విడిచితిమా? లాభకరమైన చిన్న అబద్ధమునైనను విడిచితిమా? కులగర్వమును విడిచితిమా?

విద్యార్థులారా, వీథిలో ఎవరైన నిందించినప్పుడు తలవంచుకొనకుడు, కలహింపకుడు. ఒంగోలు వృత్తాంతమును నెమ్మదిగా చెప్పుడు. విననియెడల ఊరకుండుడు. తల్లిదండ్రులారా, మీ పెద్దలు ఏమేమి విడిచిరో పిల్లలకు చెప్పుడు. ఆ కథ తెలిసిన బిడ్డ పరిహాసమునకు వెరవడు. తానును ఇతరులను పరిహసింపడు.