కుదించిన డిస్కు: దోషాలు, చికిత్సాక్రమం

పాత వ్యక్తిగత కంప్యూటరు మూలపడినంత మాత్రాన అందులోని సమాచారం నిరుపయోగం కాదు. ఒకరి పరిశోధన వ్యాసం, ఒక సంఘపు సభ్యుల పట్టిక, అచ్చుకు నోచుకోని ఒక రచన అందులో నిలిచి ఉండవచ్చు. అటువంటి యంత్రాన్ని మరల తెరచినపుడు డిస్కు దోషసూచన కనబడితే, మొదట మనం చేసే పనిని బట్టియే ఆ సమాచారం దక్కుతుందో లేదో తేలుతుంది. కనుక ఈ విషయాన్ని క్రమంగా పరిశీలిద్దాం.

చరిత్ర

1990 ప్రాంతంలో వ్యక్తిగత కంప్యూటర్లలోని హార్డు డిస్కులు సాధారణంగా కొన్ని పదుల మెగాబైట్లకు మించేవి కావు. ఈ కొరతను తీర్చడానికి స్టాక్ ఎలక్ట్రానిక్స్ సంస్థ స్టాకర్ అనే కుదింపు సాధనాన్ని తెచ్చింది. 1993లో మైక్రోసాఫ్ట్ తన ఎం.ఎస్.-డాస్ 6.0లో డబుల్‌స్పేస్‌ను చేర్చింది. స్టాక్ సంస్థ పేటెంటు వ్యాజ్యం వేయగా, 1994లో జ్యూరీ 12 కోట్ల డాలర్ల పరిహారం నిర్ణయించింది. తత్ఫలితంగా 6.21లో కుదింపును తొలగించి, 6.22లో డ్రైవ్‌స్పేస్ అనే పేరుతో వేరొక పద్ధతిని ప్రవేశపెట్టారు.

సూత్రం

హాజరుపట్టీలోనో లెక్కల పుస్తకంలోనో ఒకే మాట పదేపదే వచ్చినపుడు మనం దానిని తిరిగి రాయక, 'పైదే' అని గుర్తు పెడతాం. కుదింపు చేసేదీ ఇదే. మునుపు వచ్చిన అక్షరసముదాయం మరల వచ్చినపుడు, 'ఇన్ని అక్షరాల వెనుకకు పోయి ఇన్ని అక్షరాలు గ్రహించుము' అనే చిన్న సంకేతం మాత్రమే నిలుస్తుంది. 1977లో జేకబ్ జివ్, అబ్రహాం లెంపెల్ ప్రతిపాదించిన పద్ధతి ఇదే.

ఇందులోనే అపాయం కూడా ఉన్నది. పట్టీలో మొదటి పంక్తిపై సిరా ఒలికితే, దాని క్రింది 'పైదే' లన్నీ అర్థం కోల్పోతాయి. అట్లే కుదించిన సమాచారంలో చిన్న లోపం కూడా దానిపై ఆధారపడిన భాగమంతటినీ చెరుపగలదు.

నిర్మాణం

కుదించిన పిమ్మట మనకు కనబడే 'సి' డ్రైవు నిజమైన డిస్కు కాదు. అసలు డిస్కు సాధారణంగా 'హెచ్' వంటి వేరొక అక్షరంతో ఉంటుంది. అందులో దాచి ఉంచిన 'డీబీఎల్‌స్పేస్.000' అనే ఒకే ఒక పెద్ద ఫైలులో 'సి' యావత్తూ ఇమిడి ఉంటుంది. అనవసరమని తలచి ఆ ఫైలును తుడిచివేస్తే సర్వస్వమూ పోయినట్లే.

సాధారణ దోషాలు

1. ఖాళీ ఉన్నట్లు చూపుతూనే 'డిస్కు నిండినది' అనడం: ఇది రోగం కాదు. ఖాళీ స్థలం అంచనా మాత్రమే. నిజంగా 10 మెగాబైట్లు మిగిలి, నిష్పత్తి రెండింతలైతే 20 అని చూపుతుంది. ముందే కుదించిన జిప్ ఫైళ్లు మరి కుదియవు గనుక 10తోనే స్థలం నిండుతుంది.

2. 'సి' తెరుచుకోకపోవడం: ఆ పెద్ద ఫైలు అసలు డిస్కుపై మితిమీరి ముక్కలైనపుడు ఇట్లు జరుగుతుంది. సెట్టింగుల ఫైలులో ముక్కల పరిమితి సంఖ్యను పెంచి, యంత్రాన్ని మరల ప్రారంభించవలెను.

3. ఫైళ్ల అమరిక చెడడం: 6.0లో స్మార్ట్‌డ్రైవ్ సమాచారాన్ని కొంతసేపు మెమొరీలో ఉంచి తరువాత డిస్కుకు పంపేది. ఈలోగా విద్యుత్తు పోయినా, తొందరపడి మీట నొక్కినా అమరిక చెడేది. 6.2లో, రాయడం పూర్తయిన పిదపనే ప్రాంప్టు కనబడే ఏర్పాటు చేశారు.

చికిత్సాక్రమం

దీపం ఉండగానే ఇల్లు చక్కదిద్దుకోవాలి. మొదట డిస్కుపై కొత్తగా ఏమీ రాయరాదు. చదువ వీలైన ఫైళ్లన్నింటినీ వేరొక చోటికి ప్రతి తీయవలెను. వీలైతే డిస్కు మొత్తానికే ప్రతి తీసి, మరమ్మతును ప్రతిపైననే జరుపుట ఉత్తమం.

పిదప వెలుపలి నుండి లోపలికి సాగవలెను. 6.2తో వచ్చిన స్కాన్‌డిస్క్‌తో మొదట 'హెచ్' ను, తరువాత 'సి' ని పరీక్షించవలెను. పునాది బీటలు వారి ఉండగా గోడకు సున్నం వేసి ప్రయోజనం లేదు. కుదింపు ఎరుగని పాత మరమ్మతు సాధనాలను వాడరాదు. డ్రైవు స్వస్థమైన పిమ్మట, స్థలం చాలినచో, 6.2లో చేర్చిన కుదింపు విప్పే సౌకర్యాన్ని వినియోగించవచ్చు.

ఒక హెచ్చరిక. ఈ డిస్కును విండోస్ ఎక్స్.పి. వంటి తరువాతి వ్యవస్థలకు తగిలిస్తే, లోపలి ఫైళ్లు కనబడవు. ఆ పెద్ద ఫైలు మాత్రమే ఉంటుంది. డిస్కు ఖాళీ అని భ్రమించి ఫార్మాట్ చేయరాదు. ఏ సాధనంతో కుదించారో ఆ సాధనమున్న డాస్‌తోనే తెరవవలెను.

కొరత కాలంలో స్థలాన్ని ఆదా చేసిన ఉపాయమే నేడు తాళమై కూర్చున్నది. తాళపుచెవి మనవద్ద లేదని పెట్టెను పగులగొట్టరాదు. విద్యార్థులు ముందుగా గ్రహింపవలసినది ఇదే: ప్రతి తీసిన పిమ్మటనే మరమ్మతు.